పని పోతే లెక్క ఏమిటి?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో మన వాడలను ఎరిగినవారికి ఒకే కుటుంబం మూడు రకాల సంపాదనలపై నిలబడి ఉండడం కొత్త విషయం కాదు. పెద్ద కొడుకు దుబాయిలోనో షార్జాలోనో కంపెనీ పనిలో ఉంటాడు. అతని తల్లి, భార్య ఇంటి వసారాలో చాట ముందు కూర్చుని బీడీలు చుడుతుంటారు. చిన్న కొడుకో, అల్లుడో సిరిసిల్లలో సాంచాల మీద రాత్రి పాళీ చేస్తుంటాడు. ఈ మూడు పనులలో ఏది ఎప్పుడు ఆగిపోతుందో నిర్ణయించేది ఆ పని చేసే మనిషి కాదు. కంపెనీకి కాంట్రాక్టు ముగిసిందంటారు. కార్ఖానాకు ఆకు రాలేదంటారు. ఆసామికి నూలు ఇవ్వలేదంటారు. కారణం ఏదైనా ఆ నెల కిరాణా దుకాణంలో ఖాతా పెరుగుతుంది.

అయితే ఈ మూడింటి మధ్య ఒక భేదం ఉంది. పరాయి దేశంలో చేసే పనికి, అందులోనూ యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో చేసే పనికి, ఉద్యోగం పోతే మూడు నెలల పాటు కొంత సొమ్ము చెల్లించే చట్టం ఉన్నది. సొంత ఊరిలో చేసే మిగిలిన రెండు పనులకు ఆచరణలో అటువంటిది లేదు. ఈ నెల మన పాఠకుల ముందు ఉంచదలచిన విషయం ఇదే. అక్కడ ఉన్నదానిని మనవారు ఎందుకు పోగొట్టుకుంటున్నారు? ఇక్కడ లేనిదానికి ఎంత ఖర్చు అవుతుంది? ఈ రెండు ప్రశ్నలనూ అంకెలతోనే పరిశీలిద్దాం.

ముందు అక్కడి సంగతి. ఎమిరేట్స్ ప్రభుత్వం 2022లో 13వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం ద్వారా నిరుద్యోగ బీమాను ప్రవేశపెట్టింది. 2023 జనవరి 1 నుండి అది అమలులో ఉన్నది. అక్కడ దానిని ఐఎల్ఓఈ అని వ్యవహరిస్తారు. బేసిక్ జీతం 16,000 దిర్హమ్‌లు, అంతకంటె తక్కువ ఉన్నవారు నెలకు 5 దిర్హమ్‌లు, అంతకు మించినవారు నెలకు 10 దిర్హమ్‌లు కట్టాలి. దీనిపై పన్ను అదనం. పని పోయిన వ్యక్తికి చివరి ఆరు నెలల సగటు బేసిక్ జీతంలో 60 శాతం చొప్పున, ఒక్కొక్క క్లెయిముకు గరిష్ఠంగా మూడు నెలలు చెల్లిస్తారు. మొదటి వర్గానికి నెలకు 10,000, రెండవ వర్గానికి 20,000 దిర్హమ్‌లు పరిమితి. ఒక మనిషికి ఆ దేశంలో ఉన్నంత కాలానికి కలిపి 12 నెలల సొమ్ముకు మించి ఇవ్వరు.

ఈ అంకెలను మన ఇంటి లెక్కలోకి తెచ్చుకుందాం. బేసిక్ 1,000 దిర్హమ్‌లు, తిండికీ ఓవర్‌టైముకూ కలిపి మరో 500 వచ్చే ఒక క్లీనరును ఊహించండి. అతడు ఇంటికి చెప్పే జీతం 1,500. బీమా మాత్రం 1,000నే చూస్తుంది. అందులో 60 శాతం 600. మూడు నెలలకు 1,800 దిర్హమ్‌లు. దిర్హమ్‌కు 23 రూపాయల చొప్పున వేస్తే 41,400 రూపాయలు. రెండేళ్ల పర్మిట్టు కాలానికి అతడు కట్టేది 120 దిర్హమ్‌లు, 5 శాతం పన్నుతో 126. అనగా 2,900 రూపాయలకు కాస్త తక్కువ. జీతం 1,500 అనుకుని 900 చొప్పున లెక్క వేసుకున్న కుటుంబానికి 600 రావడం అన్యాయంగా తోస్తుంది. ఇందులో అన్యాయం ఉన్నమాట నిజమే, కాని అది మొదలైనది బీమా కార్యాలయంలో కాదు. ఒప్పందంలో బేసిక్‌ను తగ్గించి అలవెన్సులను పెంచి రాసిన రోజునే మొదలైంది. ఐదేళ్ల లోపు సర్వీసుకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున వచ్చే గ్రాట్యుటీ కూడా ఆ చిన్న అంకె మీదనే లెక్క కడతారు. కనుక వీసా వచ్చిందని మిఠాయి పంచే ముందు ఒప్పందంలో బేసిక్ గడిలో ఎంత ఉన్నదో చదివించుకోవడం ప్రతి కుటుంబానికీ అవసరం.

ఈ సందర్భంలోనే మన ప్రభుత్వం పాత్ర కూడా చెప్పుకోవాలి. 2020 సెప్టెంబరులో, లాక్‌డౌన్‌తో గల్ఫ్ కార్మికులు చేతులు ఖాళీగా తిరిగి వస్తున్న సమయంలో, కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ దేశాలకు నిర్ణయించిన కనీస రెఫరల్ వేతనాలను 30 నుండి 50 శాతం వరకు తగ్గించింది. ఉద్యోగాలు పోకుండా కాపాడేందుకేనని చెప్పింది. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం నడిచింది. 2021లో ఆ తగ్గింపును ఉపసంహరించుకున్నారు. ఆ పది నెలల్లో కుదిరిన ఒప్పందాల బేసిక్ ఏమైందో ఎవరూ తిరిగి చూడలేదు. వేతనాన్ని తగ్గించే ఉత్తర్వు గ్రాట్యుటీని కూడా తగ్గిస్తుంది. తరువాత వచ్చిన నిరుద్యోగ బీమాను కూడా తగ్గిస్తుంది.

ఇక ప్రీమియం సంగతి. ఐదు దిర్హమ్‌లు చాలా తక్కువ సొమ్ము కదా అని ఎవరైనా అంటారు. తక్కువే. కాని అది అందరికీ సమానంగా తక్కువ కాదు. 1,000 బేసిక్ ఉన్న క్లీనరు తన జీతంలో 0.5 శాతం కడుతున్నాడు. 16,000 బేసిక్ ఉన్న మేనేజరు అవే 5 దిర్హమ్‌లు కడుతున్నాడు. అది అతని జీతంలో 0.03 శాతం. పని పోతే క్లీనరుకు 1,800, మేనేజరుకు 28,800 దిర్హమ్‌లు. నిర్వహణ ఖర్చులను పక్కనపెట్టి చూస్తే, 1,000 బేసిక్ ఉన్నవారిలో ఏడాదికి 30 మందిలో ఒకరు క్లెయిము పొందితేనే వారు కట్టినది వారికి తిరిగి వచ్చినట్లు. అంతకంటె తక్కువ మంది పొందితే కూలివాని 5 దిర్హమ్‌లు పైవాని మూడు నెలల జీతానికి పోతున్నట్లే. చట్టం మంచిదే అయినా ఒకే రేటు అందరికీ అనే పద్ధతి న్యాయం కాదని మా అభిప్రాయం. జీతంలో ఇంత శాతం అని పెట్టి ఉంటే ఈ వంకర ఉండేది కాదు.

రేటు వంకరను సరిచేయడం మన చేతుల్లో లేదు. క్లెయిమును పోగొట్టుకోకుండా ఉండడం మాత్రం మన చేతుల్లో ఉంది. షరతులు నాలుగైదే, కాని ఒక్కొక్కటీ ఒక్కొక్క గొయ్యి వంటిది. పని పోయేనాటికి వరుసగా 12 నెలల ప్రీమియం కట్టి ఉండాలి. పని పోయిన 30 రోజులలోగా దరఖాస్తు చేయాలి. కార్మిక ఫిర్యాదు నడుస్తుంటే అది తేలిన నాటి నుండి 30 రోజులు. క్రమశిక్షణ చర్య కింద తొలగించి ఉండకూడదు. పారిపోయినట్లు యజమాని ఫిర్యాదు చేసి ఉండకూడదు. అన్నిటికంటె ముఖ్యమైనది, రాజీనామా చేసి ఉండకూడదు. కంపెనీ మనుషులను తగ్గించేటప్పుడు ముందు పెట్టే కాగితం తొలగింపు పత్రమా, రాజీనామా పత్రమా అన్నది ఇక్కడ తేలాలి. అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉన్న ఆ కాగితంపై ఎక్కడ చూపితే అక్కడ సంతకం పెట్టి వచ్చే అలవాటు మనవారికి ఉన్నది. ఆ ఒక్క సంతకం ఖరీదు 1,800 దిర్హమ్‌లు కావచ్చు. ఫోనులో ఫొటో తీసి, తెలిసినవారి చేత చదివించి, ఆ తరువాతే సంతకం పెట్టమని ఇక్కడి నుండి తల్లిదండ్రులే చెప్పాలి.

ప్రీమియం కట్టే బాధ్యత కార్మికునిదే, యజమానిది కాదు. ఈ సంగతి తెలియక కంపెనీ కడుతున్నదని నమ్మి ఊరుకున్నవారు ఉన్నారు. అసలు చేరకపోతే 400 దిర్హమ్‌ల జరిమానా. చేరి మూడు నెలలకు పైగా వాయిదా తప్పితే బీమా రద్దయి 200 జరిమానా. ఆ జరిమానా కట్టకపోతే కొత్త వర్క్ పర్మిట్టు రాదు. జీతం నుండి, గ్రాట్యుటీ నుండి కోత వేయడానికి కూడా చట్టం వీలు కల్పించింది. ఐదు దిర్హమ్‌ల కోసం బద్ధకించినవాడు ఎనభై నెలల ప్రీమియం ఒక్కసారే చెల్లించినట్లవుతుంది. బీమా సంస్థ వెబ్‌సైటులోనో, యాప్‌లోనో, ఇంటికి డబ్బు పంపే అల్ అన్సారీ వంటి ఎక్స్ఛేంజిలోనో కట్టవచ్చు. ఇంటికి డబ్బు పంపిన రోజునే ఇదీ చూసుకుంటే సరిపోతుంది.

ఈ బీమాకు పూర్తిగా బయట ఉన్నవారు కూడా మనలో తక్కువ కాదు. ఇళ్లలో పనిచేసేవారు, అనగా ఖద్దామా వీసాపై వెళ్లిన స్త్రీలు, అరబ్బుల ఇళ్లలో డ్రైవర్లు, ఈ పథకంలోకి రారు. తాత్కాలిక కాంట్రాక్టు వారు రారు. ఆజాద్ వీసా కొనుక్కుని ఒకరి పేరున ఉండి మరొకరి వద్ద పనిచేసేవారి సంగతి మరీ దయనీయం. కాగితం మీద ఉన్న యజమాని వద్ద వారికి పనే లేదు; పని చేసే చోట కాగితమే లేదు. అటువంటివానికి పోయిన ఉద్యోగాన్ని నిరూపించేది ఎవరు? ఖల్లివల్లి అయినవారి మాట చెప్పనక్కరలేదు. ఆజాద్ వీసా చవక అని చెప్పే ఏజెంటు దాని ధరలో ఈ నష్టాన్ని ఎన్నడూ కలిపి చెప్పడు.

మరొక చిక్కు కూడా ఉంది. లబ్ధి పొందుతున్న కాలంలో ఆ దేశం విడిచినా, కొత్త పనిలో చేరినా చెల్లింపు ఆగిపోతుంది. వీసా రద్దయ్యాక ఉండేందుకు ఇచ్చే గడువు వీసా తరగతిని బట్టి మారుతుంది. కూలి తరగతులకు అది తక్కువ. 600 దిర్హమ్‌లతో గది కిరాయి, తిండి గడుపుకుంటూ పని వెతుక్కోవడం ఏమాత్రం తేలిక కాదు. అయినా రెండు నెలల సొమ్ము వచ్చినా టికెట్టు ఖర్చు, అప్పు వడ్డీ కొంతైనా తీరుతాయి.

మన ఇళ్లలో తరచు వినిపించే ఒక సందేహాన్ని దాటవేయడం సరికాదు. బీమా జాయజేనా అని అడుగుతారు. ఫత్వా ఇవ్వడం ఈ పత్రిక పని కాదు. అది ముఫ్తీ సాహెబుల పని. అయితే వారిని అడిగేటప్పుడు విషయాన్ని పూర్తిగా చెప్పాలి. ఈ బీమాను చట్టమే తప్పనిసరి చేసిందని, చేరకపోతే జరిమానా ఉన్నదని, దీనిని నడుపుతున్న సంస్థల సమూహంలో తకాఫుల్ సంస్థలు కూడా ఉన్నాయని చెప్పి అప్పుడు అడగాలి. సగం ప్రశ్న అడిగి వచ్చిన సగం జవాబుతో జరిమానా కట్టుకోవడం ధర్మనిష్ఠ అనిపించుకోదు.

ఎమిరేట్స్‌కు వెలుపల గల్ఫ్‌లో ఏమున్నది? బహ్రెయిన్ 2006లోనే ఈ చట్టం చేసింది. కార్మికుడు 1 శాతం, యజమాని 1 శాతం, ప్రభుత్వం 1 శాతం జమచేసే పద్ధతి అక్కడిది. విదేశీ కార్మికుల నుండి కూడా ఆ 1 శాతం వసూలు చేస్తారు. సౌదీలో 2014 నుండి ఉన్న సానెద్ పథకం ఆ దేశ పౌరులకే వర్తిస్తుంది. మన కార్మికులకు సంబంధించి సౌదీలో 2024 అక్టోబరు నుండి వచ్చినది వేరొకటి; కంపెనీ దివాలా తీసి జీతాలు ఎగవేసినప్పుడు 17,500 రియాళ్ల వరకు, తిరుగు టికెట్టుకు 1,000 రియాళ్ల వరకు ఇచ్చే బీమా. ఇది చేసిన పనికి రావలసిన జీతం. పని పోయిన తరువాతి కాలానికి కాదు.

మన ప్రభుత్వం గల్ఫ్‌కు పంపేటప్పుడు తప్పనిసరిగా చేయించే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. దీనిని అందరూ ప్రమాద మరణానికి 10 లక్షలు వచ్చే బీమాగానే ఎరుగుదురు. అందులో మరొక నిబంధన కూడా ఉన్నది. కార్మికుని తప్పు లేకుండా గడువుకు ముందే ఉద్యోగం తొలగిస్తే, లేదా ఒప్పందాన్ని అతనికి నష్టం కలిగేలా మార్చివేస్తే, ఇంటికి రావడానికి ఒకవైపు విమాన ఛార్జీని ఇస్తారు. దానికి భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్ ధ్రువీకరణ కావాలి. ఆ ధ్రువీకరణ లేకుండా టికెట్టు కొనుక్కుని వచ్చేసి, ఊరిలో దిగిన తరువాత అడిగితే ప్రయోజనం లేదు. రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియాను 2024లో ఉత్తర్వుగా తెచ్చింది. ఎన్నో ఏళ్లుగా గల్ఫ్ సంఘాలు అడిగినదే అది. మరణానికి ఇంత ఆలోచన చేసినవారు బ్రతికి ఖాళీ చేతులతో తిరిగి వచ్చినవానికి ఏమీ ఆలోచించలేదని గుర్తుచేయక తప్పదు.

ఇప్పుడు సొంత ఊరికి వద్దాం. మన దేశంలో నిరుద్యోగ బీమా అసలే లేదనడం నిజం కాదు. ఉద్యోగుల రాజ్య బీమా, అనగా ఈఎస్ఐ, 2005 ఏప్రిల్ నుండి రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన పేరున ఒకటి, 2018 జూలై నుండి అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన పేరున మరొకటి నడిపింది. రెండవదానిలో మొదట సగటు రోజు సంపాదనలో 25 శాతం ఇచ్చేవారు. 2020లో 50 శాతం చేశారు. గరిష్ఠంగా 90 రోజులు, జీవితంలో ఒక్కసారి. దీనికి విడిగా ప్రీమియం లేదు. ఈఎస్ఐకి 2019 జూలై నుండి కార్మికుడు జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడుతున్నారు. వైద్యం, ప్రసూతి, ప్రమాదం, నిరుద్యోగం అన్నీ అందులోనే. నెలకు 12,000 తీసుకునే కార్మికుని నుండి 90 రూపాయలు, యజమాని నుండి 390 రూపాయలు. పని పోతే రోజుకు 400లో సగం 200, తొంభై రోజులకు 18,000 రూపాయలు. లెక్క బాగానే ఉంది.

చిక్కు ఎక్కడంటే, ఈఎస్ఐ పది మంది, అంతకు మించి పనిచేసే చోటికే తప్పనిసరి. సిరిసిల్లలో మరమగ్గాల వ్యవస్థ యజమాని, ఆసామి, కార్మికుడు అనే మూడు మెట్లుగా ఉంటుంది. యజమాని నూలు ఇస్తాడు. ఆసామి కొద్దిపాటి సాంచాలు పెట్టుకుని కూలికి నేయిస్తాడు. కార్మికునికి నేసినదాని మీద కూలి. ఏ షెడ్డులో లెక్కపెట్టినా చాలా చోట్ల పది మంది ఉండరు. నూలు ఇచ్చే సేటుకు వందల సాంచాల మీద బట్ట తయారవుతున్నా కాగితం మీద అతని వద్ద పనిచేసే నేతగాడు ఒక్కడూ ఉండడు. చట్టాన్ని తప్పించుకోవడానికే ఇలా కట్టారని మేము అనడం లేదు. ఇలా కట్టిన దానిని చట్టం చూడలేకపోతున్నదని మాత్రం అంటున్నాము.

2017 నుండి బతుకమ్మ చీరల ఆర్డర్లు సిరిసిల్లను కొంతకాలం నిలబెట్టాయి. ప్రభుత్వం మారిన తరువాత 2024లో ఆ ఆర్డరు ఆగింది, బకాయిలు పేరుకుపోయాయి, సాంచాల చప్పుడు ఆగిన వాడలను ఆ ఏడాది అందరమూ చూశాము. తరువాత ఇందిరా మహిళా శక్తి చీరల ఆర్డరుతో మళ్లీ పని వచ్చింది. ఏ ప్రభుత్వం ఇచ్చినా ఆర్డరు మంచిదే. కాని ఒక పట్టణం అంతా ఒక సచివాలయ ఫైలు మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ ఫైలు ఆగిన నెలలకు నేతగాని ఇంటికి ఏ ఏర్పాటూ లేకపోవడం ఏ ప్రభుత్వానికీ గౌరవం కాదు. నేతన్నకు చేయూత అనే పొదుపు పథకంలో మరమగ్గాల కార్మికుడు కూలిలో 8 శాతం వేస్తే ప్రభుత్వం మరో 8 శాతం కలుపుతుంది. 2022 ఆగస్టు 7న మొదలైన నేతన్న బీమా మరణానికి 5 లక్షలు ఇస్తుంది. మొదటిది తన సొమ్మే కొంత కలిసి తిరిగి రావడం; రెండవది చనిపోయాక వచ్చేది. పని ఆగిన నెలకు రెండూ పనికిరావు.

మరి సాంచాల కార్మికునికి పని నష్ట బీమా పెట్టాలంటే ఎంత అవుతుంది? పెద్ద నిపుణులు అక్కరలేదు, కాగితం మీద వేసి చూద్దాం. నెల కూలి 9,000 అనుకోండి. పని పోతే సగం, అంటే 4,500 చొప్పున మూడు నెలలు, 13,500. వంద మందిలో ఏడాదికి అయిదుగురికి పని పోతుందనుకుంటే చెల్లించవలసినది 67,500. తలకు ఏడాదికి 675. నిర్వహణకు పదో వంతు కలిపితే 742 చిల్లర; నెలకు 62 రూపాయలు. దానిని బహ్రెయిన్ పద్ధతిలో కార్మికుడు, యజమాని, ప్రభుత్వం మూడు భాగాలుగా పంచుకుంటే తలా 21 రూపాయలు. కూలిలో మొత్తం 0.7 శాతం కూడా కాదు. అయిదుగురు కాక ఇరవై మందికి పని పోయే గడ్డు సంవత్సరాన్నే లెక్కకు తీసుకున్నా నెలకు 248 రూపాయలు. అది కూలిలో 2.75 శాతం. బహ్రెయిన్ మూడు ఒకట్లలో ఇదీ ఇమిడిపోతుంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సిరిసిల్లలో పని ఒక్కొక్కరికి విడివిడిగా పోదు. పోతే ఊరంతటికీ ఒకేసారి పోతుంది. వంద మందికీ ఒకే ఏడాది పని ఆగితే తలకు 13,500 కావాలి. ఏ ప్రీమియమూ దానిని మోయదు. అందుచేత ఒక్క సిరిసిల్లకే ఒక నిధి పెడితే మొదటి సంక్షోభంలోనే అది ఎండిపోతుంది. నిధి రాష్ట్రమంతటికీ, అన్ని రకాల పనులకూ కలిపి ఉండాలి. సిరిసిల్లలో మగ్గం ఆగిన ఏడాది హైదరాబాదులో నిర్మాణ పని నడుస్తుంటుంది. అక్కడ ఆగిన ఏడాది ఇక్కడ నడవవచ్చు. ప్రభుత్వ వాటా కావాలనడం కూడా ఇందుకే. దానిని సాయంగా చూడకూడదు; ఒకేసారి కూలే నష్టాన్ని మోయగల భుజం ప్రభుత్వానికే ఉన్నది.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల బీడీ కార్మికుల విషయం దీనికంటె కఠినం. ఇళ్లలో బీడీలు చుట్టేవారు కూడా భవిష్య నిధి చట్టం కిందకు వచ్చే కార్మికులేనని సుప్రీంకోర్టు పి.ఎం. పటేల్ కేసులో 1985లోనే తేల్చింది. అందువల్ల పీఎఫ్ నంబరు ఉన్న స్త్రీలు మనలో చాలా మంది ఉన్నారు. పీఎఫ్ పొదుపు మాత్రమే; పని పోతే తీసుకున్నది వృద్ధాప్యానికి తగ్గిపోతుంది. 1976 చట్టంతో వచ్చిన బీడీ కార్మికుల సంక్షేమ నిధికి బీడీల మీద సెస్సు ఉండేది. 2017లో జీఎస్టీతో పాటు ఆ సెస్సును రద్దుచేశారు. బీడీల మీద 28 శాతం పన్ను వేశారు గాని, అందులో ఒక్క పైసా బీడీ చుట్టే చేతికని విడిగా కేటాయించలేదు. రాష్ట్రం 2015 నుండి ఇస్తున్న జీవన భృతి, 2019 నుండి 2,016 రూపాయలు, ఎందరో ఇళ్లను నిలబెట్టింది. అది అందని ఇళ్లు కూడా అదే వాడలో ఉన్నాయి.

బీడీలో పని పోవడమంటే తొలగింపు ఉత్తర్వు రావడం కాదు. ఇరవై ఆరు రోజులు ఇవ్వవలసిన పని పదిహేను, పన్నెండు రోజులకు దిగడం. టేకేదారు ఈ వారం ఆకు లేదంటాడు, జర్దా రాలేదంటాడు. ఏ కాగితమూ ఉండదు. లే-ఆఫ్ కాలానికి సగం వేతనం ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ సగాన్ని ఉంచింది. కాని అది యాభై మంది పైబడిన, మస్టరు రోలు ఉన్న చోటికి. వసారాలో కూర్చున్న ఆపాకు మస్టరు రోలు ఎక్కడిది?

దీనికి బీమా ఒక్కటే మందు కాదని ఒప్పుకోవాలి. ఎప్పుడో కొందరికి జరిగే నష్టానికే బీమా. ప్రతి నెలా అందరికీ జరిగే నష్టానికి బీమా పెడితే ఎంత లబ్ధి ఇవ్వాలో అంతే ప్రీమియం కట్టాలి. అందుకే బీడీలో సొమ్ము సరుకు మీద నుండి రావాలి. వెయ్యి బీడీలకు 10 రూపాయలు, అనగా బీడీకి ఒక పైసా, కంపెనీ నుండి వసూలు చేస్తే ఏమవుతుందో చూడండి. నెలకు 15,000 బీడీలు చుట్టే కార్మికురాలి పేరున నెలకు 150, ఏడాదికి 1,800 రూపాయలు జమ అవుతాయి. రోజు కూలి 250 అనుకుని, పదిహేను రోజుల పనికి నెల సంపాదన 3,750 అనుకుంటే, కార్ఖానా పూర్తిగా మూతపడినప్పుడు సగం చొప్పున మూడు నెలలకు 5,625 ఇవ్వడానికి, పై లెక్క ప్రకారమే, తలకు ఏడాదికి 281 చాలు. నిర్వహణకు 180 తీసినా ఇంకా 1,339 మిగులుతుంది. దానితో పని ఇవ్వని రోజులలో ఏడాదికి పది రోజులకు సగం కూలి ఇవ్వవచ్చు. పది రోజులు ఏ మూలకు అని అడుగుతారు. ఇప్పుడు ఇస్తున్నది సున్న.

2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. దానిలో సామాజిక భద్రత అంటే ఏమిటో చెప్పిన నిర్వచనంలో నిరుద్యోగం అనే మాట స్పష్టంగా ఉన్నది. అసంఘటిత కార్మికులకు ఏ ఏ పథకాలు చేయాలో చెప్పిన 109వ సెక్షనుకు వచ్చేసరికి జీవిత, వైకల్య రక్షణ, ఆరోగ్యం, ప్రసూతి, వృద్ధాప్యం, విద్య ఉన్నాయి. నిరుద్యోగం పేరు లేదు. ప్రభుత్వం నిర్ణయించే ఇతర లబ్ధి అనే మాట ఒకటి ఉన్నది. ఆ మాటను పట్టుకునే మన విజ్ఞాపనలు వెళ్లాలి. పది మంది లేని షెడ్డు కూడా యజమాని, మెజారిటీ కార్మికులు ఒప్పుకుంటే స్వచ్ఛందంగా ఈఎస్ఐలో చేరవచ్చని అదే కోడ్ చెబుతున్నది. సిరిసిల్లలో ఒక్క వాడ ఆసాములైనా ముందుకు వస్తే మిగిలినవారికి దారి తెలుస్తుంది. ఇది మన ఒక్కరి కోరిక కాదు. సాంచాల మీద పద్మశాలి సోదరులు, చాట ముందు అన్ని కులాల అక్కచెల్లెళ్లు ఉన్నారు. వినతిపత్రం మీద వారి సంతకాలు మన సంతకాల పక్కనే ఉండాలి.

వినతిపత్రానికి రుజువు కావాలి. కార్యాలయాల్లో ఫైళ్ల మధ్య బ్రతికిన వారెవరికైనా తెలుసు, కాగితం లేని కష్టం టేబులు దాటదు. అందుచేత బీడీ చుట్టే ప్రతి ఇంట్లో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టమని కోరుతున్నాము. ఆకు ఎన్ని రోజులు ఇచ్చారు, ఎన్ని రోజులు ఇవ్వలేదు, ఎన్ని వేలు తీసుకున్నారు, ఎన్ని ఛాట్ పేరున తిప్పికొట్టారు, కూలి ఎంత ముట్టింది అని తేదీ వేసి రాయాలి. చదువుకుంటున్న పిల్లలు రోజూ రాత్రి రెండు నిమిషాల్లో రాయగలరు. ఆరు నెలల పుస్తకాలు వాడకు యాభై చొప్పున సేకరించగలిగితే, నష్టం ఎన్ని రోజులదో మన ఊహతో కాక కార్మికుల చేతి రాతతోనే జిల్లా కార్మిక శాఖ ముందు పెట్టవచ్చు. మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు పుస్తకాలు పంచే పని తీసుకుంటే వచ్చే నెల మొదటి తారీఖు నుండి రాత మొదలుపెట్టవచ్చు.